తమ్ముడు పారను పాతిపెట్టాడు, పంచనామాలో ‘ఆయుధం దాచాడు’ అని ఉంది. ఈ చట్టం ఎక్కడ మారాలి?

ప్రశ్న: పలాస నుంచి ఒక అక్క

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా ఉందని విశాఖలో డాక్టర్లు చెప్పి చాలా ఏళ్లయింది. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేశాడు, జీతం తెచ్చి అమ్మ చేతికి ఇచ్చేవాడు. పనిలో మగతగా ఉంటున్నాడని మేస్త్రీ తిట్టేసరికి ఈ వేసవిలో ఎవరికీ చెప్పకుండా మందులు మానేశాడు. కొన్నాళ్లకు, పక్కింటి బాబాయి మా నూతిలో విషం కలుపుతున్నాడని అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు తెల్లవారుజామున ఆయన నీళ్లు తోడుతుండగా పారతో కొట్టాడు. ఆయన చేయి విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. మమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి ఆయన. ఆయనకు జరిగింది చిన్న విషయమని నేను ఎప్పటికీ అనను.

నన్ను తినేస్తున్నది ఆ తర్వాత జరిగింది. తమ్ముడు ఆ పారను పెంటకుప్పలో పాతిపెట్టాడు. నేను అక్కడే ఉన్నాను. రెండు చేతులతో పెంట లాగి పైన కప్పుతూ, “పిల్లలు ముట్టుకోకండి, దీనికి విషం అంటింది” అని అరుస్తున్నాడు. పోలీసులు సాక్షుల ఎదుట రాసిన పంచనామాలో మాత్రం “నేరానికి వాడిన ఆయుధాన్ని దాచిపెట్టాడు” అని ఒక్క వాక్యం ఉంది. ఎందుకు దాచాడో రాయలేదు.

కేసు బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 109, అంటే హత్యాయత్నం. ఇప్పుడు రిమాండులో ఉన్నాడు. దాచాడంటే తప్పని తెలిసే చేశాడంటారు, కాబట్టి మతిస్థిమితం లేదన్న వాదన నిలవదని మా ప్లీడరు అంటున్నారు. నిలిచినా విడుదల చేయరని, ఎన్నేళ్లయినా ఉంచేయవచ్చని ఇంకొకరు భయపెట్టారు. మేము ఏం చేయాలి? 2023లో చట్టాలన్నీ తిరగరాశారు కదా, ఇలాంటి రోగుల విషయం ఎందుకు మార్చలేదు? మా ఎంపీకి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాను. అందులో ఏమి అడగాలో తెలిసినవారు చెప్పండి.

జవాబు: విశ్రాంత బెంచి గుమస్తా, విజయనగరం

అమ్మా, నేను న్యాయవాదిని కాను. కోర్టులో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ఫైళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి కనుక చెబుతున్నాను.

మీ ప్లీడరు చెప్పింది ఒక్క ప్రశ్నకే జవాబు. కొట్టిన క్షణాన మనసు ఎలా ఉంది అన్నది బీఎన్ఎస్ సెక్షన్ 22 ప్రశ్న. అది తీర్పు నాటికి తేలుతుంది. ఈ రోజు కోర్టులో తన వాదన తాను చెప్పుకోగలడా అన్నది వేరే ప్రశ్న. దానికి బీఎన్ఎస్ఎస్ (కేసు విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 367, 368 సెక్షన్లు ఉన్నాయి. అనుమానానికి కారణం కనిపిస్తే మేజిస్ట్రేటు వైద్య పరీక్ష చేయించి తీరాలి. వాదించుకోలేడని తేలితే 369 ప్రకారం, నాన్ బెయిలబుల్ కేసయినా సరే, బెయిలు ఇవ్వవచ్చు. దానికి రెండు షరతులు: ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం లేకపోవాలి, బంధువు ఎవరైనా క్రమంగా వైద్యం చేయిస్తామని, తనకూ ఇతరులకూ హాని జరగకుండా చూసుకుంటామని హామీ ఇవ్వాలి. అలా కుదరకపోతే వైద్యం దొరికే చోట ఉంచమనాలి. ముందు ఈ పిటిషన్ వేయించండి. దీనికి తీర్పు దాకా ఆగనక్కర్లేదు.

ఇక సెక్షన్ 22. ఇది 1860 నాటి ఐపీసీ 84లోని మాటే. దాని మూలం 1843లో ఇంగ్లండులో మెక్‌నాటెన్ అనే వ్యక్తి కేసు. నిర్దోషి అనాలంటే, మతిస్థిమితం లేనందువల్ల చేస్తున్న పని ఏమిటో తెలియకపోవాలి, లేదా అది తప్పనో చట్టవిరుద్ధమనో తెలియకపోవాలి. మీ తమ్ముడికి పార అంటే పార అని తెలుసు, బాబాయి అంటే బాబాయి అని తెలుసు. తెలియనిదల్లా నూతిలో విషం లేదన్న సంగతి. తెలివి పూర్తిగా పోయినవాడిని ఈ సెక్షన్ గుర్తుపడుతుంది. తెలివి ఉండి, అది అబద్ధం చుట్టూ తిరుగుతున్నవాడిని సరిగా గుర్తుపట్టదు. నా దృష్టిలో మొదట మారాల్సింది ఇదే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చింది, నంబరు మారింది, కొలబద్ద మారలేదు. ఇది చేజేతులా వదులుకున్న అవకాశమని నాకు బాధగా ఉంది.

అయినా ఆశ వదలకండి. 1964లో దహ్యాభాయి ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. మతిస్థిమితం లేదని నిందితుడు పూర్తిగా రుజువు చేయలేకపోయినా, అతని ఉద్దేశం మీద సహేతుకమైన సందేహం కలిగించగలిగితే అది అతనికే దక్కుతుంది. ఘటనకు ముందు, ఆ సమయంలో, తర్వాత ఎలా ప్రవర్తించాడో కోర్టు చూస్తుంది. పెంటకుప్ప దగ్గర మీరు విన్న మాటలు అక్కడ చాలా విలువైనవి.

రెండోవారు భయపెట్టింది కూడా వట్టి మాట కాదు. బీఎన్ఎస్ 22 కింద నిర్దోషి అని తేలితే బీఎన్ఎస్ఎస్ 374 ప్రకారం సురక్షిత నిర్బంధంలో ఉంచవచ్చు, లేదా పూచీ మీద బంధువులకు అప్పగించవచ్చు. ఉంచితే ఇన్నేళ్లకు మించరాదన్న గడువు ఆ సెక్షన్‌లో లేదు. విచారణ ఖైదీలకు శిక్షలో సగం కాలం దాటితే విడుదల అనే 479 ఉంది గానీ, యావజ్జీవం పడగల నేరాలకు అది వర్తించదు. గాయమైన హత్యాయత్నం అలాంటిదే. గడువు లేకపోతే ఏమవుతుందో అస్సాంలో మచల్ లలుంగ్ జీవితం చూపించింది. 1951లో అరెస్టు చేసి మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టర్లు రాసిచ్చారు. అయినా విచారణ జరగకుండానే 2005 దాకా నిర్బంధంలోనే ఉన్నాడు. వినతిపత్రంలో గడువు తప్పక అడగండి. ఆరు నెలలకొకసారి డాక్టరు, జడ్జి కలిసి చూడాలని కూడా రాయండి.

జవాబు: సైకియాట్రీ వార్డు నర్సు, శ్రీకాకుళం

అక్కా, గుమస్తా గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అరెస్టయిన మొదటి రోజుల్లో పరీక్ష జరగాలి. ఎన్నో వారాల తర్వాత సైకియాట్రిస్టు చూసేసరికి లోపల మందులు మొదలై మనిషి కుదురుగా, వినయంగా కనిపిస్తాడు. “ప్రస్తుతం బాగున్నాడు” అని రాస్తారు. అది నిజమే. కానీ పార ఎత్తిన తెల్లవారుజామున ఎలా ఉన్నాడో ఆ కాగితం చెప్పదు. పాత వైద్యం చీటీ చూపిస్తే 72 గంటల్లోపు మానసిక పరీక్ష తప్పనిసరి అని చట్టంలో ఉండాలి. నేనైతే అదే అడుగుతాను.

మీరు చేయగలిగింది: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 25 ప్రకారం అతని వైద్య రికార్డులు పొందే హక్కు ఉంది. అతని సంతకంతో దరఖాస్తు పెట్టండి. మందులు మానేసిన తేదీ, చివరిసారి ఓపీకి వెళ్లిన తేదీ దొరికితే కేసుకు పెద్ద బలం. అదే చట్టం 103 కింద, జైల్లో ఉన్నా వైద్యశాలకు మార్చమని అడగవచ్చు. మంచి ప్లీడరుకు డబ్బు చాలకపోతే 15100కు ఫోను చేయండి, అది న్యాయ సహాయం నంబరు.

జవాబు: బొబ్బిలి వాసి

అందరూ కొట్టినవాడి తరఫునే మాట్లాడుతున్నారు. మా నాన్నను ఇలాగే ఒక రోగి కత్తితో పొడిచాడు. అతను జబ్బు మనిషని నాకూ తెలుసు, అతని మీద పగ లేదు. కానీ అతను బయటికి వచ్చిన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నాన్న సంతలో కూరగాయలు ఏరుతుండగా ఎదురుపడ్డాడు. ఆ రోజు నుంచి నాన్న సంతకు వెళ్లడం మానేశారు. వైద్యం ఖర్చు మేమే పెట్టుకున్నాం. గడువు పెట్టండి, ఆసుపత్రికి పంపండి, ఒప్పుకుంటాను. విడుదలకు ముందు బాధితుడికి కబురు చేయాలని, మందులు వేసుకుంటున్నాడో లేదో ఎవరో ఒకరు చూడాలని కూడా అదే చట్టంలో రాయండి. అది లేకుండా మీరు అడిగే దయ మా ఇంటి గుమ్మం దాటి లోపలికి రాదు.

జవాబు: విశ్రాంత బెంచి గుమస్తా

బొబ్బిలి బాబూ, మీరు అడిగింది పూర్తిగా న్యాయం. ఖర్చు విషయంలో ఇప్పటికే ఒక దారి ఉంది. బీఎన్ఎస్ఎస్ 396 ప్రకారం, నిందితుడు నిర్దోషిగా విడుదలైనా బాధితుడికి పరిహారం ఇవ్వమని కోర్టు సిఫారసు చేయవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. అమ్మా, మీ బాబాయికి కూడా ఇది చెప్పండి.

ప్రశ్న అడిగిన అక్క

బాబాయి వాళ్ల అబ్బాయికి 396 గురించి చెప్పాను. మొదట తలుపు తీయలేదు, తర్వాత విని నంబరు రాసుకున్నాడు. వినతిపత్రంలో 72 గంటల పరీక్ష, గడువు, బాధితుడికి కబురు, ఈ మూడూ రాశాను. బొబ్బిలి అన్నయ్య మాట మొదట పెట్టాను. 367 పిటిషన్ వేయడానికి ప్లీడరు ఒప్పుకున్నారు.

ఇంకొక్కటి చెప్పండి. పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తి కూడా ఆ రోజు పెంటకుప్ప దగ్గరే ఉన్నాడు, తమ్ముడి అరుపులు విన్నాడు. “నన్ను ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు” అంటున్నాడు. ఆయన విన్నదాన్ని ఇప్పుడు రికార్డులోకి ఎలా ఎక్కించాలి? విచారణ దాకా ఆగాలా, లేక ముందే దారి ఏమైనా ఉందా?