ఎండలో లాంగ్ రైడ్: బాటిల్‌లో నీళ్లు టీ నీళ్లలా మారకుండా ఏం చేస్తున్నారు?

సాగర్ రోడ్ సైకిల్:
అందరికీ నమస్తే. సైకిల్ మొదలుపెట్టి ఏడాదిన్నర. మామూలు రోజుల్లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీదే తిరుగుతాను. దాదాపు అంతా నీడే కాబట్టి నీళ్ల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్‌కి, పేరిచ్చాను. టైమ్ పదమూడున్నర గంటలు. నా స్పీడుకి మిట్టమధ్యాహ్నం ఎండ తప్పదు.

ప్రాక్టీసుకని పోయిన ఆదివారం ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టాను. ఇబ్రహీంపట్నం దాకా నీళ్లు బాగున్నాయి. యాచారం వచ్చేసరికి గోరువెచ్చన. మాల్ దాటాక తాగితే చక్కెర వేయడం మర్చిపోయిన టీలా ఉన్నాయి. రెండో బాటిల్‌లో ఓఆర్ఎస్ ఉంది, అదైతే ఒక్క గుక్క కూడా గొంతు దిగలేదు. తాగడం మానేశాను. ఇంటికొచ్చాక రాత్రి దాకా ఒకటే తలనొప్పి.

సైకిల్‌కి రెండు బాటిల్ కేజ్‌లు (ఫ్రేముకి బిగించే బాటిల్ స్టాండ్లు) ఉన్నాయి. రెండూ మామూలు 750 ఎంఎల్ ప్లాస్టిక్ బాటిళ్లే. ఇంట్లో ఉన్న స్టీల్ ఫ్లాస్క్ కేజ్‌లో పట్టదు. వేల రూపాయలు పెట్టి కొత్త బాటిల్ కొనాలా, ఇంకేమైనా దారి ఉందా?

బుల్లెట్ బాబాయ్:
రైడ్ అంటే బండి అనుకుని, ఐదు లీటర్ల కూల్ జగ్గు వెనక సీటుకి కట్టుకో, సైలెన్సర్ వైపు బ్యాగులో మాత్రం పెట్టకు అని రాయబోయాను. ఆఖర్లో సైకిల్ అని చూశాను. నా సలహా నీకు పనికిరాదులే తమ్ముడూ. ఒక్కటి మాత్రం చెప్తా. మా చిన్నప్పుడు లారీలకు ముందు కాన్వాస్ నీళ్ల సంచి వేలాడుతుండేది. ఎర్రటి ఎండలో, వేడిగాలికి ఎదురుగా. అందులో నీళ్లు మాత్రం రంజన్‌లో నీళ్లలా ఉండేవి. దాని సంగతి ఆలోచించు.

నర్సింగి తెల్లారుజాము:
బాబాయ్ సరిగ్గా పాయింటు మీదికే వచ్చారు. నేను మూడు వేసవులుగా చేస్తున్నది అదే, సంచికి బదులు సాక్సుతో.

పాత స్పోర్ట్స్ సాక్సు తీసుకోండి. మందంగా, తువ్వాలులా నూలు దారాలు లేచి ఉండే రకం. ఆఫీసుకి వేసుకునే పల్చటి నైలాన్‌ది పనికిరాదు, నీళ్లు పట్టదు. పూర్తిగా తడిపి, నీళ్లు కారకుండా కొంచెం పిండి, బాటిల్‌కి మెడ దాకా తొడగండి. సైకిల్ కదులుతుంటే గాలి దానంతట అదే తగులుతుంది. 40 నిమిషాలకోసారి సాక్సు మీద రెండు గుక్కల నీళ్లు పోయాలి. ఎండిపోయిందంటే ఇక అది దుప్పటే.

రెండోది, బాటిళ్ల వరస. మొదటిది ఫ్రిజ్ నీళ్లు, గంటలో తాగేయాలి. రెండోది రాత్రి ఫ్రీజర్లో పెట్టినది. నిండా పోయకండి. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా పొంగుతాయి, బాటిల్ అడుగు ఉబ్బి కేజ్‌లో దూరదు. మూడింట రెండు వంతులు పోసి, మూతి పైకి ఉండేలా ఏటవాలుగా ఆనించండి. ఐసు ఒక పక్కకి గడ్డకడుతుంది, మూతి దగ్గర ఖాళీ ఉంటుంది. పొద్దున బయల్దేరేముందు ఆ ఖాళీలో చల్లటి నీళ్లు పోయండి.

మూడోది అసలు సీక్రెట్: ఎక్కువ మోయకండి. ఏప్రిల్, మే నెలల్లో మన రోడ్ల మీద ఊరూరా చలివేంద్రాలుంటాయి. కుండనీళ్లు. వాటికి మించినది ఏ బాటిల్లోనూ లేదు.

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
నర్సింగి అమ్మాయి చెప్పినదానికి లెక్క చెప్తాను, అలవాటు పోదు కదా.

ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కేలరీ కావాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన 5 డిగ్రీల నీళ్లు 35 అవడానికి గ్రాముకి 30 కేలరీలు చాలు. అదే ఐసు అయితే ముందు కరగడానికే 80 కావాలి, తర్వాత 35 దాకా ఎక్కడానికి ఇంకో 35. మొత్తం 115. అంటే అదే బరువుకి నాలుగింతల దాకా ఓర్చుకుంటుంది. ఇక ఆవిరి సంగతి: ఒక గ్రాము నీళ్లు సాక్సులోంచి ఆవిరైపోతూ 580 కేలరీల దాకా లాక్కుపోతాయి. కుండ చెమర్చడం, లారీ సంచి, మన ఒంటి చెమట, అన్నీ ఆ లెక్కే.

ఒక అపోహ కూడా తీరుస్తాను. చల్లటి నీళ్లు తాగితే ఒళ్లు చల్లబడిపోతుందనుకుంటారు. అర లీటరు ఫ్రిజ్ నీళ్లు ఒంట్లోంచి తీసుకునే వేడి, 30 గ్రాముల చెమట ఆరితే పోయే వేడికి కాస్త అటూ ఇటూ. చల్లదనం వల్ల అసలు లాభం వేరు, తాగాలనిపిస్తుంది. మీరు వేడినీళ్లని తాగడం మానేశారు చూడండి, తలనొప్పి అక్కణ్నుంచే వచ్చుంటుంది.

కాకినాడ తీరం:
సాక్సు గురించి ఇంత చెప్తున్నారు గానీ అండీ, నేను రెండేళ్ల కిందటే చేశాను. ఉప్పాడ వైపు తొక్కితే గంటన్నరైనా సాక్సు తడి తడిగానే ఉంది, నీళ్లు మాత్రం వెచ్చబడ్డాయి. ఉత్త చాదస్తం అని తీసేశాను.

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
సాక్సు ఆరలేదంటే ఆవిరి కాలేదని అర్థం. మీ దగ్గర గాల్లోనే తడి ఎక్కువ. నల్లగొండ వైపు మేలో 42 డిగ్రీలు, గాల్లో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం, తడిగుడ్డ చల్లబడే లెక్క ప్రకారం సాక్సు 24 డిగ్రీల దాకా దిగగలదు. మీ కాకినాడలో 36 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతమైతే 31 దగ్గర ఆగిపోతుంది. ఎండ తక్కువున్న చోట సాక్సు ఓడిపోవడం వింతగా ఉంటుంది గానీ, నిజం. మీరు చేసింది తప్పు కాదు, చేసిన చోటు తప్పు.

కాకినాడ తీరం:
హమ్మయ్య. అయితే మాకు ఐసే గతి. రెండో బాటిల్‌ని పాత న్యూస్‌పేపర్ నాలుగు మడతల్లో చుట్టి, పైన పాలిథిన్ కవర్ వేసి వెనక బ్యాగులో పెడతాను. రెండున్నర గంటల తర్వాత తీసినా లోపల గడ్డ ఉంటుంది. పేపర్ తడవకుండా చూసుకోవాలి, తడిస్తే పని చేయదు. ఇక్కడ సాక్సుకి సరిగ్గా ఉల్టా అన్నమాట.

ఐసీయూ నైట్ డ్యూటీ:
నర్సుని. నీళ్ల చల్లదనం కంటే ఆ ఓఆర్ఎస్ సంగతే నాకు తేడాగా అనిపిస్తోంది. సాగర్ రోడ్ గారూ, ప్యాకెట్ మొత్తం ఆ 750 బాటిల్‌లోనే కలిపారా?

సాగర్ రోడ్ సైకిల్:
అవునక్కా. ఒక బాటిల్‌కి ఒక ప్యాకెట్. తప్పా?

ఐసీయూ నైట్ డ్యూటీ:
తప్పే. 20.5 గ్రాముల ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకి. తక్కువలో కలిపితే ఉప్పదనం ఎక్కువై గొంతు దిగదు, కడుపులో తిప్పుతుంది, దాహం తీరకపోగా పెరుగుతుంది. ఇంట్లో లీటరు సీసాలో కలిపి, అందులోంచి బాటిల్ నింపుకోండి. అట్ట డబ్బా మీద ఓఆర్ఎస్ అని రాసి ఉందని తియ్యటి డ్రింకు కొనకండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కానిదాని మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) చెప్పింది. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన ఆర్డరు అది. మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ వేసుకున్నా మంచిదే, కాకపోతే మజ్జిగ మొదటి గంటలోనే తాగేయాలి.

ఉప్పు లేకుండా నీళ్లే లీటర్లకి లీటర్లు తాగడం కూడా ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది. రైడ్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. తిరిగొచ్చాక బరువు పెరిగిందంటే ఎక్కువ తాగారని. దారిలో తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, మాట తడబడినా బ్రెవే గిట్రా పక్కనపెట్టి నీడకి వెళ్లి, ఒంటి మీద నీళ్లు పోసుకుని 108కి ఫోన్ చేయాలి. అప్పుడు మీ దగ్గరున్న నీళ్లు చల్లవా వేడివా అని చూడక్కర్లేదు, తలమీద పోసేయండి.

నర్సింగి తెల్లారుజాము:
కొత్త బాటిల్ గురించి ఎవరూ చెప్పలేదు. లోపల ఇన్సులేషన్ పొర ఉన్న మెత్తటి స్క్వీజ్ బాటిళ్లు నా దగ్గర రెండున్నాయి. మామూలు దానికన్నా గంట, గంటన్నర ఎక్కువ చల్లగా ఉంచుతాయి. గోడ మందం కాబట్టి సైజు అంతే ఉన్నా నీళ్లు తక్కువ పడతాయి. వాక్యూమ్ స్టీల్‌ది చాలా బాగుంటుంది, కానీ బరువు, పైగా పిండితే రాదు, ఆగి మూత తీయాలి. దాన్ని ఫ్రీజర్లో అసలు పెట్టకండి, ఐసు పొంగితే లోపలి గోడ పాడవుతుంది. ముందు సాక్సుతో చూసి, చాలకపోతేనే కొనండి. డబ్బు మిగిలితే టైర్లకి పెట్టండి.

సాగర్ రోడ్ సైకిల్:
నిన్న వెళ్లొచ్చాను. రిపోర్టు ఇదిగో.

పరీక్షకని రెండు ఒకేలాంటి బాటిళ్లలో కుళాయి నీళ్లు పోసి, ఒకదానికి తడి సాక్సు తొడిగాను. తొమ్మిదిన్నరకి యాచారంలో వంటింటి థర్మామీటరుతో చూస్తే ఉత్త బాటిల్ 37, సాక్సుది 28. టీ కొట్టు ఆయన నాకు జ్వరమొచ్చిందనుకుని కుర్చీ వేశాడు.

గడ్డకట్టించిన మూడో బాటిల్‌తో మాత్రం దెబ్బతిన్నాను. దాన్ని పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టా, అందులో ఓఆర్ఎస్ ఉంది, ఈసారి లీటరుకే కలిపాను. మాల్ దగ్గర దాహమై తీస్తే చుట్టూ రెండు గుక్కల నీళ్లు, మధ్యలో రాయి లాంటి ఐసు. ఆ రెండు గుక్కలూ సముద్రపు నీళ్లే. గంట తర్వాత తాగితే ఉప్పూ లేదు, తీపీ లేదు, ఉత్త నీళ్లు. ఇదెలా?

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఉప్పునీ గ్లూకోజునీ బయటికి తోసేస్తాయి. అవన్నీ చివరగా గడ్డకట్టే భాగంలో చేరతాయి, కరిగేటప్పుడు అవే ముందు కరుగుతాయి. అందుకే మొదటి గుక్క సముద్రం, చివరి గుక్క బావి. ఉత్త నీళ్లనే గడ్డకట్టించండి. ఓఆర్ఎస్ సాక్సు బాటిల్‌లో పెట్టుకోండి.

నర్సింగి తెల్లారుజాము:
గడ్డ బాటిల్‌ని తాగడానికి అరగంట ముందే పేపర్లోంచి తీసి కేజ్‌లో పెట్టాలి తమ్ముడూ. ఎండకి కూడా కాస్త పని చెప్పాలి కదా. ఇంతకీ సాక్సు జారలేదా? నాది గతుకుల్లో జారి చైన్ మీద పడుతుండేది.

సాగర్ రోడ్ సైకిల్:
జారింది అక్కా, రెండుసార్లు. అమ్మ పూలకట్ట రబ్బరు బ్యాండు తీసి బాటిల్ మెడకి వేశాను, నిలబడింది. కానీ ఇంటికొచ్చాక సాక్సు ఉతకడం మర్చిపోయి బ్యాగులోనే వదిలేశా. పొద్దున ఆ వాసన ఇల్లంతా. ఇప్పుడు అమ్మ, సాక్సులన్నీ బాల్కనీ దాటి లోపలికి రాకూడదని ఆర్డరు వేసింది.