వాట్సాప్ చాట్‌ను సాక్ష్యంగా వేయడం ఎలా?

ప్రశ్న: సిటీ సివిల్ కోర్టులో 6 లక్షల చేబదులు దావా. బాకీ ఒప్పుకున్నది వాట్సాప్‌లోనే. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు చాలా సార్? ప్రతివాది బ్యాంకు స్టేట్‌మెంట్లు రప్పించేదెలా?

జవాబు: ఉత్త ప్రింట్లతో నెగ్గుకురావడం కష్టం. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించిన సెక్షన్ 65బి స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 వచ్చింది. ఆ చట్టం షెడ్యూల్‌లోని సర్టిఫికెట్‌లో ‘ఎ’ భాగం మీరు, ‘బి’ భాగం నిపుణుడు నింపి సంతకం చేయాలి. చాలామంది ‘బి’ వదిలేస్తారు, అవతలి లాయరు పట్టుకునేది అక్కడే. స్క్రీన్‌షాట్లకంటే చాట్ ఎక్స్‌పోర్ట్ (వాట్సాప్ నుంచే చాట్‌ను ఫైలుగా తీయడం) మేలు. ఆ ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్రలాంటి కోడ్) తీసి సర్టిఫికెట్‌లో రాయండి.

ఇంకో జవాబు: హ్యాష్ తీశాక ఫైలు ముట్టుకోవద్దు. ఒక్క స్పేస్ కొట్టి సేవ్ చేసినా విలువ మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాక మళ్లీ తీసి సరిచూడండి. దావా తేలేదాకా ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. యజమాని అసలు ఫోన్‌నే కోర్టులో చూపి రుజువు చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని, పాత చట్టం కింద, 2020లో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావు కేసులో చెప్పింది.

మరో జవాబు: స్టేట్‌మెంట్లకు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 11 రూల్ 12 కింద ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయండి, ప్రతివాది నుంచి అఫిడవిట్ మీద పత్రాల జాబితా వస్తుంది. తర్వాత రూల్ 14 కింద దాఖలు చేయించండి. ఏ ఖాతా, ఏ తేదీలు, దేనికి అవసరమో రాయాలి. “అన్ని కాగితాలూ ఇప్పించండి” అంటే కొట్టేస్తారు, కొట్టేయాలి కూడా! డిస్కవరీ ఆర్డర్ (పత్రాలు వెల్లడించమన్న ఉత్తర్వు) ధిక్కరిస్తే రూల్ 21 కింద ప్రతివాది డిఫెన్స్ (ప్రతివాదన) కొట్టేయమని అడగొచ్చు.