ప్లాస్మా యాక్చుయేటర్ వెలుగుతోంది, లిఫ్ట్ మాత్రం మారట్లేదు

ప్రశ్న (ఏరో ఫైనల్ ఇయర్):
అందరికీ నమస్తే. ప్రాజెక్ట్ కోసం నాకా (NACA) 0012 ఆకారం రెక్క మీద ప్లాస్మా యాక్చుయేటర్ (హై వోల్టేజ్‌తో రెక్క ఉపరితలం వెంట గాలిని తోసే పరికరం) పెట్టాం, సగం కార్డ్ దగ్గర (కార్డ్ అంటే ముందంచు నుంచి వెనకంచు దాకా రెక్క వెడల్పు). కార్డ్ 15 సెం.మీ., విండ్ టన్నెల్‌లో గాలి వేగం సెకనుకు 15 మీటర్లు. పైనా కిందా రాగి టేపు, మధ్యలో కాప్టాన్ (కరెంటు పారనివ్వని ప్లాస్టిక్ పొర). సప్లై 10 కిలోవోల్టులు, 5 కిలోహెర్ట్జ్. చీకట్లో ఊదారంగు గీత బాగా కనిపిస్తోంది. టన్నెల్ ఆపి అగరబత్తి పెడితే పొగ కిందికి వంగి రెక్కను రాసుకుంటూ పోతోంది. టన్నెల్ ఆన్ చేస్తే గాలికి రెక్క 4 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు లిఫ్ట్‌లో (రెక్కను పైకి ఎత్తే బలంలో) ఏ తేడా లేదు. పైగా కాసేపటికే కాప్టాన్‌కి చిల్లు పడుతోంది. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు (టన్నెల్ అన్న):
తమ్ముడూ, పొగ వంగిందంటే యాక్చుయేటర్ పని చేస్తున్నట్టే. పరీక్షించే చోటు మార్చు. 4 డిగ్రీల దగ్గర గాలి ఎలాగూ రెక్కను అంటుకునే పోతుంది, అక్కడ సరిచేయడానికేం లేదు. ఈ పరికరం పుట్టించే గాలి సెకనుకు కొద్ది మీటర్లే, ఎంత బాగా చేసినా పది దాటడం కష్టం. 15 మీటర్ల గాలిని అది తోయలేదు. గాలి రెక్కను వదిలేయబోయే చోట మాత్రం ఆ చిన్న తోపే చాలు. యాక్చుయేటర్‌ను ముందంచుకు జరిపి, రెక్క కోణాన్ని స్టాల్ (గాలి రెక్కను వదిలేసి లిఫ్ట్ పడిపోయే కోణం) దాటించి చూడు.

ఇంకోటి, ఆపకుండా నడపకు. వేగాన్ని కార్డ్‌తో భాగిస్తే నీకు 100 హెర్ట్జ్ వస్తుంది. 5 కిలోహెర్ట్జ్‌ను అలాగే ఉంచి, సెకనుకు 100 సార్లు ఆన్-ఆఫ్ చెయ్. ప్రతిసారీ పదో వంతు సమయం ఆన్‌లో ఉన్నా సరిపోతుంది. ఒక్కో తోపుకూ ఒక్కో సుడి పుట్టి, పైనున్న వేగమైన గాలిని రెక్క దగ్గరికి లాక్కొస్తుంది. అమెరికాలోని నోటర్ డామ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ థామస్ కోర్క్ బృందం స్టాల్ దాటిన రెక్కల మీద గాలిని మళ్లీ అతికించింది ఈ దారిలోనే. నాకు ఈ రంగం మీద ఇష్టం పెరిగింది కూడా అక్కడే: కదిలే భాగం ఒక్కటీ లేదు, ఖర్చయ్యే కరెంటూ తక్కువే.

జవాబు (హై వోల్టేజ్ అక్క):
చిల్లు సంగతి నేను చెప్తాను. కాప్టాన్‌ను ప్లాస్మా మెల్లగా తినేస్తుంది. రాగి అంచు రంపంలా ఉన్నా, టేపు కింద గాలి బుడగ ఉన్నా డిశ్చార్జ్ అక్కడే గుమిగూడి త్వరగా కాల్చేస్తుంది. కొత్త బ్లేడుతో ఒకే కోతలో కొయ్యి. కాప్టాన్‌ను పొరలు పొరలుగా, ఒక్కో పొరా ఏటీఎం కార్డులాంటి దానితో నొక్కుతూ అతికించు. మందం పెరిగితే వోల్టేజ్ కాస్త పెంచాలి. కింది రాగిని పూర్తిగా కప్పెయ్, లేకపోతే అటువైపూ ప్లాస్మా వస్తుంది.

మీ లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సార్) రీడింగ్ కూడా చూసుకోకుండా నమ్మకండి, ఆ వైరు హై వోల్టేజ్ నాయిస్ పట్టేస్తుంది. టన్నెల్ ఆపి, యాక్చుయేటర్ ఒక్కటే ఆన్ చేసి రీడింగ్ ఎంత కదులుతుందో ముందు చూడండి. ఆ ఘాటు వాసన ఓజోన్‌ది, ఎగ్జాస్ట్ లేకుండా గదిలో కూర్చోవద్దు. సప్లై ఆపాక ఎర్త్ రాడ్ తగిలించందే రెక్క మీద చెయ్యి వెయ్యొద్దు, ల్యాబ్‌లో ఒక్కరే ఉండి అసలే ఆన్ చెయ్యొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, అక్కా. కింది రాగి ఒక చివర తెరుచుకునే ఉంది, ఇప్పుడే చూశాం. మాది మెటల్ ప్రెజర్ ట్యాపులున్న (రెక్క మీద గాలి పీడనాన్ని సెన్సార్‌కు చేర్చే సన్న గొట్టాలున్న) మోడల్. ముందంచుకు జరిపితే మొదటి ట్యాపు యాక్చుయేటర్ కిందికే వస్తుంది. పర్లేదా?

జవాబు (హై వోల్టేజ్ అక్క):
వద్దు. ఆర్క్ ఆ గొట్టం గుండా పోయి సెన్సార్‌ను కాల్చేస్తుంది. ట్యాపులు లేని మోడల్ మీద చెయ్యండి, నాయిస్ ముందు చూసుకుని లిఫ్ట్ లోడ్ సెల్‌తోనే కొలవండి.