రోహిణి కార్తెలో పెళ్లి: పగలేం కట్టాలి, రాత్రికేం కట్టాలి?

కావలి కోడలు:
అక్కలూ, మా ఆడబిడ్డ పెళ్లి మే నెలాఖరున కుదిరింది. ముహూర్తం పొద్దున పది దగ్గర, కావలిలోనే. మండపంలో ఏసీ లేదు, ఫ్యాన్లే. అదే సాయంత్రం మగపెళ్లివాళ్లు నెల్లూరులో ఆరుబయట రిసెప్షన్ పెట్టారు. పెళ్లికూతురికి వదినని నేనే, పీటల పక్కన హోమం సెగలో నిలబడాలి. అత్తమ్మేమో పొద్దునే కంచిపట్టు కట్టమంటున్నారు. అది నా పెళ్లి చీర, అరిటాకు పచ్చకి ఎర్రంచు, బాగా బరువు. నాకు చెమట ఎక్కువ. వన్ గ్రాము నగలు పెడితే గంటకే మెడంతా దద్దుర్లు. రెండు పూటలకీ ఏం కట్టాలో, ఏం పెట్టుకోవాలో చెప్పండి. కార్తీకంలో గృహప్రవేశం కూడా ఉంది, కొత్తగా కొనేది దానికీ పనికొస్తే మేలు.

మగ్గం ఇంటి పిల్ల, వెంకటగిరి:
అమ్మాయ్, ఆ కంచిపట్టు సాయంత్రానికి దాచుకో. పొద్దున వెంకటగిరి కట్టు. మా ఊరని చెప్పడం లేదు, ఆ ఎండకి అదే సరైన బట్ట.

మావాళ్లు నేసే నూలు చీర 100 కౌంటు దారంతో, అంటే బాగా సన్నటి దారంతో వస్తుంది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, గాలి ఆడుతుంది. అంచుకి జరీ ఉంటుంది కాబట్టి పెళ్లికళ తగ్గదు. నూలు చీర పెళ్లికేందని అత్తమ్మ అంటే, మా వెంకటగిరిని ఏలిన వెలుగోటి రాజుల ఇంటి ఆడవాళ్లు కట్టిన నేత ఇదేనని చెప్పు. పైటలో జామ్దానీ బొమ్మ, అంటే మగ్గం మీదే చేత్తో నేసిన నెమలో హంసో ఉన్నది తీసుకుంటే ఆవిడే ముచ్చటపడతారు.

కొనేటప్పుడు మాత్రం పైట తిరగేసి చూడకుండా డబ్బులు ఇవ్వబాక. జామ్దానీలో బొమ్మ దారాన్ని నేతగాడు వరస వరసకీ చేత్తో ఎక్కిస్తాడు. అందుకే ముందూ వెనకా బొమ్మ ఒకేలా ఉంటుంది. వెనకవైపు దారాలు వేలాడుతున్నా, కత్తిరించిన కుచ్చు కనబడుతున్నా అది చేతి జామ్దానీ కాదు, చాలావరకు మరమగ్గం సరుకే. 2011లో మా చీరకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఈ పేరు మా నేతకే చెల్లాలి, అయినా పవర్లూమ్ చీరలు ఇదే పేరుతో అమ్ముతూనే ఉన్నారు. ఒక పెద్ద పైట బొమ్మకి మా నాన్న పూటలకి పూటలు మగ్గం గుంటలో కూర్చోవడం చూసినదాన్ని, ఆ మోసం చూస్తే నాకు కడుపు మండుతుంది.

రంగు సంగతి. పగటి వెలుతురులో మీగడ రంగు, మామిడి చిగురు, లేత గులాబీ నిండుగా కనిపిస్తాయి. రాత్రి తెల్ల లైట్ల కింద అవే పాలిపోతాయి. మీ అరిటాకు పచ్చ రాత్రికే. పొద్దుగూకాక సముద్రపు గాలి తగిలితే ఆ బరువు కూడా మోయగలవు.

గంజి పల్చగా పెట్టించు. చిక్కగా పెడితే నేత సందులన్నీ మూసుకుపోయి ఉక్కపోస్తుంది. జరీ మీద ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనించొద్దు, పైన పల్చటి గుడ్డ పరచాలి.

టైలరక్క, ఒంగోలు:
చీర సంగతి అక్క చెప్పింది, జాకెట్టు సంగతి నేను చెప్తా. ఎండాకాలం పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఉడికిపోయేది చీర వల్ల కాదు, లైనింగ్ వల్ల. పైన ఎంత మంచి నూలు బట్ట వేసినా లోపల పాలిస్టర్ క్రేప్ వేస్తే చెమట పీల్చదు, ఒంటికి అతుక్కుపోతుంది. కాటన్ లైనింగే కావాలని ముందే చెప్పు. దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించమను. లేకపోతే మొదటి ఉతుకులోనే లైనింగ్ కుంచించుకుపోయి కుట్ల దగ్గర ముడతలు పడతాయి. ఫాల్ కూడా అంతే, తడిపి ఆరేసిందే కుట్టించాలి.

చంకల కింద మెత్తటి నూలు గుడ్డ మడతపెట్టి టాకాలు వేయించుకో, తర్వాత విప్పి ఉతుక్కోవచ్చు. లోపలి లంగా కూడా కాటన్‌దే. ఇప్పుడు అందరూ వేసే బిగుతు లైక్రాది పొద్దున పూట వేసుకోమాక, హోమం దగ్గర నరకం.

మగ్గం వర్క్ ఎంబ్రాయిడరీ రాత్రి జాకెట్టుకి చేయించుకో, చేతుల అంచుకీ వీపుకీ చాలు. పొద్దున జాకెట్టుకి వద్దే వద్దు, ఆ జర్దోసీ తీగలు, రాళ్లు వెంకటగిరి పైటకి తగులుకుని దారం లాగేస్తాయి. అంత కష్టపడి నేసిన బొమ్మ ఒక్క పూటకే పాడవుతుంది. ఇంకోటి, ఏప్రిల్ మొదటి వారం దాటాక మాలాంటి కొట్ల దగ్గరికి వస్తే చేతిలో పది పెళ్లిళ్ల బట్టలుంటాయి. ముందే ఇవ్వు.

ఆచారి వీధి పక్కన:
ఆ దద్దుర్లు చాలామందికి వస్తాయి. తక్కువ రకం నగల్లో కలిసే నికెల్ పడకపోవడం వల్ల, చెమట పడితే ఇంకా ఎక్కువవుతుంది. పొద్దున నల్లపూసలు, చెవులకి బంగారు కెంపుల దిద్దులు చాలు. కొత్తగా కొనాలంటే 92.5 శాతం వెండి మీద బంగారు పూత వేసినవి చూడు, అందులోనూ నికెల్ లేదని అడిగి తీసుకో. వడ్డాణం పొద్దున పెట్టబాక, నడుం చుట్టూ చెమట నిలుస్తుంది. రాత్రి కంచిపట్టు మీదికి అత్తమ్మ కాసులపేరు అడుగు, అంతకన్నా ఏమీ అక్కర్లేదు. సెంటు ముందు కొట్టుకుని, అది ఆరాక నగలు పెట్టుకోవాలి. జరీ మీద సెంటు పడితే నల్లబడుతుంది.

పూలు మరిచిపోవద్దు, మేలో మల్లెలకి మించిన నగ లేదు. రాత్రికి కావాల్సినవి మధ్యాహ్నమే గట్టి మొగ్గలుగా కొని తడి గుడ్డలో చుట్టిపెట్టు. రిసెప్షన్ వేళకి విచ్చుకుంటాయి. జడలో పెట్టేముందు నీళ్లు దులిపేయ్, పట్టు మీద చుక్క పడితే మరక తేలుతుంది.

కావలి కోడలు:
అక్కలూ, అత్తమ్మకి చదివి వినిపించాను. పొద్దున వెంకటగిరికి ఒప్పుకున్నారు, కాసులపేరు కూడా తీసిస్తామన్నారు. మరి కార్తీకంలో?

మగ్గం ఇంటి పిల్ల, వెంకటగిరి:
శుభం. కార్తీకంలో మన వైపు వానలు దంచుతాయి, నెల్లూరు జిల్లాకి అసలు వానకాలం అదే కదా. పెళ్లికి కొన్న నూలు చీర అప్పుడు తడిస్తే ఒక పట్టాన ఆరదు. పూజ దగ్గరికి చీరాలలో నేసే కుప్పడం చీర మంచిది. ఒంటి రంగు, అంచు రంగు విడివిడిగా వచ్చేట్టు, కలిసే చోట దారం దారాన్నీ పెనవేసి నేస్తారు. అందులో పట్టూ నూలూ కలిసిన సీకో అడుగు, తేలిగ్గా ఉంటుంది, మెరుపూ ఉంటుంది. బురద కనపడకుండా ముదురు అంచుది తీసుకో. దారిలో జార్జెట్ కట్టుకుని వెళ్లి అక్కడ మార్చుకో. తోలు చెప్పులు వద్దు. జడలోకి చామంతులు, డిసెంబరు పూలు ఆ కాలానివే.

కంచిపట్టు మాత్రం పెళ్లి కాగానే చెమటతో మడిచి బీరువాలో పెట్టేయబాక. రాత్రంతా నీడలో గాలికి ఆరేసి, పాత నూలు పంచెలో చుట్టి పెట్టు. రెండు మూడు నెలలకోసారి మడత మార్చు, లేకపోతే జరీ ఆ గీత మీదే విరుగుతుంది.