సిటీ స్కూలే, కానీ సగం మంది పిల్లలకి ఇంట్లో నెట్ లేదు. హోంవర్క్ ఎలా ఇవ్వాలి?

లెక్కల టీచర్:
ఎనిమిదో తరగతికి చెప్తాను. ఈ ఏడాది నుంచి హోంవర్క్ మొత్తం యాప్‌లోనే ఇవ్వమన్నారు. స్కూలు ఊరి నడిబొడ్డున ఉంది, కిటికీలోంచి సెల్ టవర్ కనిపిస్తుంది, అయినా దాదాపు సగం మంది చేసుకు రారు. అడిగితే కొందరు "డేటా అయిపోయింది టీచర్" అంటారు, కొందరు తల దించుకుంటారు. పోనీ స్కూల్లోనే చేయిద్దామంటే అందరూ ఒకేసారి తెరిచేసరికి వీడియో లోడ్ అవుతూనే ఉంటుంది. మీరేం చేస్తున్నారు?

రాత్రిబండి:
ఈ రోజుల్లో ఫోన్ లేని ఇల్లెక్కడుందండీ? రీల్స్‌కి ఉన్న డేటా హోంవర్క్‌కి ఉండదా? సగం సాకులే.

నెట్‌వర్క్ పనోడు:
రాత్రిబండి గారూ, ఇంట్లో ఫోన్ ఉంటుంది, కాదనను, కానీ అది వాళ్ల నాన్నతో పాటు పనికి వెళ్తుంది, రాత్రి ఇంటికొచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది, మిగిలిన కాస్తా అక్కకి కావాలి తమ్ముడికీ కావాలి. యునిసెఫ్, ఐటీయూ (ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ) కలిసి 2020లో లెక్క తీస్తే, ప్రపంచం మొత్తమ్మీద నగరాల్లో ఉండే బడి ఈడు పిల్లల్లోనే సుమారు 60 శాతం మందికి ఇంట్లో నెట్ లేదని తేలింది. పల్లెల్లో ఇంకా ఎక్కువ, అది వేరే సంగతి.

టీచర్ గారూ, మీ బడి నెట్ లైన్ స్పీడ్ ఎంత? 100 ఎంబీపీఎస్ (నెట్ స్పీడ్‌కి కొలత) అనుకున్నా, 40 మంది తలా 3 ఎంబీపీఎస్ వీడియో పెడితే 120 కావాలి, అంటే ఒక్క క్లాసుకే చాలదు. పైగా చాలా చోట్ల వైఫై రూటర్ ఆఫీసు గదిలో ఉంటుంది, రెండు గోడలు దాటేసరికి సిగ్నల్ చచ్చిపోతుంది. రికార్డుల్లో మాత్రం "ఇంటర్నెట్ ఉంది" అనే రాసుకుంటారు! మీ క్లాసులో, పిల్లలంతా వాడుతున్నప్పుడు స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చిన స్పీడ్ కాగితం మీద రాసి హెడ్మాస్టర్ గారికి ఇవ్వండి.

పుస్తకాల పురుగు:
డబ్బు రాదనుకున్న బస్తీలకి కంపెనీలు కేబుల్ వేయవు, పక్క వీధిదాకా వచ్చి ఆగిపోతాయి. ఇది పిల్లల బద్ధకం కాదు. అమెరికాలోని చాటనూగాలో 2020లో ఊరి సొంత కరెంటు సంస్థే పేద పిల్లల ఇళ్లకి 100 ఎంబీపీఎస్ లైన్ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే చేయాలనుకుంటే అవుతుంది, కానీ అది ఒక టీచర్ మోయాల్సిన బరువు కాదు.

నెట్‌వర్క్ పనోడు:
అదయ్యేలోపు పిల్లలు పదో తరగతి దాటేస్తారు. కొలిబ్రి అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పాత కంప్యూటర్‌లో పాఠాలు ఒకసారి దింపుకుంటే చాలు, తర్వాత బయటి నెట్ లేకుండానే పిల్లలు బడి వైఫైలో తెరుచుకోవచ్చు.

లెక్కల టీచర్:
స్టోర్‌రూమ్‌లో ఒక పాత కంప్యూటర్ ఉంది, సోమవారం చూస్తాను. అప్పటిదాకా హోంవర్క్ బోర్డు మీదే రాస్తా, యాప్ మార్కులు ఎవరికీ వేయను, పైవాళ్లు అడిగితే ఆ స్పీడ్ టెస్ట్ చూపిస్తా. కొలిబ్రికి కంప్యూటర్‌లో ఎంత ర్యామ్ (మెమరీ) ఉండాలండీ?