మోకాళ్ల నొప్పులున్న అమ్మతో తెషిమా ఆర్ట్ మ్యూజియంకి వెళ్లొచ్చా?

జపాన్‌లో ఉండేవాళ్లు, అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మేం ఒసాకాలో ఉంటాం. నవంబర్‌లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు, వాళ్లని తెషిమా దీవికి తీసుకెళ్లాలని నా ఆశ. ఆర్కిటెక్ట్ ర్యూయే నిషిజావా డిజైన్ చేసిన ఈ మ్యూజియం 2010లో తెరిచారు. వరి మడుల పక్కన ఒక్క స్తంభం కూడా లేని 25 సెంటీమీటర్ల మందం కాంక్రీటు పెంకు, పైన రెండు పెద్ద కంతలు, వాటికి అద్దాలు కూడా లేవు కాబట్టి వానా గాలీ నేరుగా లోపలికే. గోడలకి పటాలేం ఉండవు, రేయ్ నైతో అనే కళాకారిణి చేసిన కళాకృతి ఒక్కటే: నేలలోంచి సన్నటి నీటి బొట్లు ఊరి, జారుతూ, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటాయి. (నీళ్లు చూడ్డానికి అంత దూరమా అని నాన్న ఇప్పటికే మొదలెట్టారు.)

ఉనో రేవు నుంచి ఫెర్రీలో తెషిమాలోని ఇయెఉరా రేవు దాకా ఓకే. అక్కడ దిగి అందరూ ఎలక్ట్రిక్ సైకిలు అద్దెకి తీసుకుంటారు గానీ అమ్మ సైకిలెక్కడం జరగని పని. దీవిలో తిరిగే చిన్న బస్సులో సీట్లు దొరుకుతాయా, లేక నిండిపోతే తర్వాతి దాని కోసం పడిగాపులేనా? మ్యూజియం టికెట్‌కి ముందే టైం బుక్ చేసుకోవాలి కాబట్టి అదే అసలు టెన్షన్. లోపల చెప్పులు విప్పాలి కదా, ఆ నేల నవంబర్‌లో మరీ చల్లగా ఉంటుందా? అమ్మ కింద కూర్చుంటే లేవలేదు, అడిగితే కుర్చీ ఇస్తారా? ఇంకోటి, ఇద్దరూ చేపల రసం కూడా ముట్టరు, పులిహోర కట్టుకెళ్తే బయట ఎక్కడైనా కూర్చుని తినొచ్చా? మంగళవారం మూసేస్తారని తెలుసు, మిగతా రోజుల్లో రద్దీ తక్కువుండేది ఎప్పుడో కూడా చెప్పండి.