హెచ్-ఇండెక్స్ ఒక్కోచోట ఒక్కోలా వస్తోంది, రిపోర్టులో ఏది రాయాలి?

నమస్కారం. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. అధ్యాపకుల సైటేషన్ల (వాళ్ల పేపర్లను వేరే పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్క) రిపోర్టు తయారుచేసే పని ఈమధ్య మా మీద పడింది.

చిక్కల్లా ఏంటంటే, ఒకే మేడమ్‌గారికి గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ 19 (అంటే కనీసం 19 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 19 ఉన్నాయని), స్కోపస్‌లో 11, వెబ్ ఆఫ్ సైన్స్‌లో 9. ఈ మూడూ పరిశోధన పేపర్లనీ వాటి సైటేషన్లనీ చూపించే సైట్లు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే బయటపెట్టిన పేపర్లు) కూడా లెక్కేస్తుంది, మిగతా రెండూ తాము ఎంచుకున్న జర్నల్స్, పుస్తకాలు, సదస్సుల పేపర్ల వరకే చూస్తాయి కాబట్టి తేడా సహజమే. కానీ ఆవిడ అడిగేది "ఇంతకీ నాది ఎంతండీ?" అని!

పైగా పూర్తి పేరుతో వచ్చిన పేపర్లు ఒక ప్రొఫైల్‌లో, ఇనిషియల్‌తో వచ్చినవి ఇంకోదాంట్లో ఉన్నాయి. ఆర్కిడ్ ఐడీ (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోమన్నాం, పాత పేపర్ల సంగతే తేలట్లేదు.

మీ దగ్గర మూడు అంకెలూ చూసిన తేదీతో సహా ఇస్తారా, ఒక్కటే ఇస్తారా? ప్రొఫైళ్లు కలపమని లైబ్రరీ అడిగితే సరిపోతుందా, రచయితే అడగాలా? సొంత సైటేషన్లు (తమ పేపర్లను తామే ప్రస్తావించుకున్నవి) తీసేస్తారా?

ఇంకోటి. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ హెచ్-ఇండెక్స్ కొలత ప్రతిపాదించినప్పుడు ఎక్కువగా భౌతికశాస్త్రవేత్తలనే ఉదాహరణగా చూపారు. చరిత్రవాళ్లనీ అదే తక్కెడలో తూయడం నాకైతే నచ్చదు. ఈ మాట కమిటీకి నొప్పించకుండా ఎలా చెప్పాలో, రిపోర్టులో ఎక్కడ రాయాలో అనుభవమున్నవాళ్లు చెప్పండి.